కంబళి మింద బోర్లించిన రైలు

ఆవని, ముళబాగిలు పక్కన
బేస్తవారం

అన్నకి, వదినకి,

మీ మునెమ్మ కాళ్ళకి మొక్కి రాస్తా ఉండాది. నేను ఈడ బాగుండాను. మీరు ఎట్లుండారు? అన్నా, నీ దగ్గు ఎట్లుండాది? వానలు పట్టుకుంటే నీకు రొమ్ములో గురగురమంటుందే, వదిన కషాయం కాచి ఇస్తా ఉండాదా? ఇస్తే తాగతా ఉండావా, లేకుంటే ఆయమ్మ అట్ల తిరగంగానే కిటికీలోనించి పారబోస్తా ఉండావా? వదినా, ఆయప్ప గ్లాసు కింద పెట్టేదాకా నువ్వు ఆడ్నించి కదలొద్దు. నీ మోకాళ్ళు ఎట్లుండాయి? కొళాయి కాడికి బిందె ఎత్తుకొని పోవద్దని ఎన్నిసార్లు చెప్పినాను, నువ్వు వినవు.

అన్నా, నీ జాబు అంది సానా దినాలైంది. జవాబు రాయాలని కాగితం తీస్తాను, అన్నకి అని రాస్తాను, ఆడికే నిలిచిపోతుంది. కోపం ఏమీ లేదు. దుఃఖం అని గూడా చెప్పలేను. ఏమీ లేదు, అదే. ఫోన్లో మాట్లాడదామంటే నీకు వినబడదు. డ్రిల్లు మిషను పట్టి పట్టి నీ చెవులు రెండూ బంగారు గనిలోనే వదిలేసి పైకొచ్చినావు. వదినతో మాట్లాడదామంటే ఆయమ్మ ఆ పక్క ఏడుస్తుంది, నేను ఈ పక్క ఊ, ఊ అంటా ఉంటాను, ఆమేల ఇద్దరం పెట్టేస్తాము. అందుకని రాసేదే మేలు. నా చదువు నీకు తెలిసిందే, తప్పులుంటే దిద్దుకొని చదువుకో.

నువ్వు అడిగింది ఒగటే. సీనా ఏడాది దగ్గరకొస్తా ఉండాది, మూడో నెలకి నువ్వు రాలేదు, ఆరో నెలకి రాలేదు, కన్నతల్లి లేకుండా బిడ్డకి ఏడాది ఎట్ల పెట్టేదమ్మా, వస్తావా రావా, ఒగ మాట రాయి అన్నావు. ఆ ఒగ మాట నాకే తెలీలేదు మొన్నటిదాకా. అందుకనే రాయలేదు. ముందు ఈడి సంగతులు రాస్తాను, ఆమేల ఆ మాట రాస్తాను. నువ్వు ఆఖరు పేజీ ముందు చదవొద్దు.

నేను బాగుండాను. దినామూ పనికి పోతా ఉండాను, టయానికి తింటా ఉండాను, నిద్ర పడతా ఉండాది. దిగులు పడొద్దండి.

ఈడ అంతా పచ్చగా ఉండాది అన్నా. మన అవ్వ చిత్తూరు పక్కనించి గనికి వచ్చిన కొత్తల్లో ఇంటికి జాబులు రాయించేదంట గదా, ఈడ చెట్టూ లేదు చేమా లేదు, అంతా రాయి, అంతా దుమ్ము, షిఫ్టుకి గని సైరను సంగు మోగితే లేచేది, సంగు మోగితే పడుకొనేది అని. నాకు ఆ సంగు లేకనే ఏదో పోగొట్టుకొన్నట్టు ఉండేది గని మూసేసినాక. ఇప్పుడు ఈ పచ్చన చూస్తే ఎవురింటికో చుట్టం వచ్చి చెప్పులు విడవకుండా నిలబడినట్టు ఉండాది. దూరం ఏముంది మనకి, పొద్దున బస్సెక్కితే మధ్యాన్నం కూటికి మీ కాడ ఉండొచ్చు. అయినా సముద్రం దాటి వచ్చినట్టే ఉండాది.

సలి ఎక్కువ. కొండమించి గాలి దిగుతుంది, తడి చేతులకి తగిలితే వేళ్ళు కొయ్యబారిపోతాయి. సీతమ్మ కవలపిల్లల్ని కన్న కొండ అంటారు దీన్ని. పిల్లలు కావాలని కొత్త కోడళ్ళు తడి బట్టల్తో కొండెక్కుతారు, మా కార్ఖానా ముందరనించే పోతారు. నీళ్ళడిగితే ఇస్తాము. మొన్న ఒగ పిల్ల నీళ్ళు తాగి, "అమ్మా, నీకెంతమంది బిడ్డలు?" అని అడిగింది. ఒగడు అన్నాను. ఉండాడు అనలేదు, లేడు అనలేదు. ఆ పిల్ల కాళ్ళకి మొక్కి పోయింది.

మన గని ఇండ్ల లైన్లో ఎలిసమ్మక్క ఈ పని ఉండాదని చెప్పినప్పుడు నేను అడిగింది ఒగటే, ఆడ రైలు కూత వినబడుతుందా అని. ముళబాగిలు పక్క యాడా రైలు పట్టానే లేదు మునెమ్మా అనింది. పనేందని గూడా అడగలేదు. సంచి సర్దుకొన్నాను. ఆయక్కకి చెప్పండి, నేను బాగుండానని.

పనేందంటే అన్నా, కాగితం చేసేది. రాసుకొనే కాగితం కాదు, గోడకి తగిలించుకొనే పటాలు. ఈ పక్క ఇంటింటికీ పట్టుపురుగులు సాకుతారు. పురుగులకి ఆకు కోసేసినాక మల్బరీ కట్టెలు మిగుల్తాయి. ఆ కట్టెల తోలు వొలిచి, నానబెట్టి, సోడా వేసి ఉడకబెట్టి, కాలవలో కడిగి కడిగి, కొయ్య సుత్తితో దంచతాము. అరటి నార కలుపుతాము, కిత్తనార కలుపుతాము. దంచిందాన్ని నీళ్ళల్లో కలిపితే గంజి మాదిరి అవుతుంది. మేము గుజ్జు అంటాము, కార్ఖానా పెట్టిన బెంగళూరు మేడమ్ పల్పు అంటుంది. మొదటి దినం ఆ మాట వినంగానే నేను తలెత్తి చూసినాను. మనకి పల్పు అంటే గని మిల్లులో రాయి దంచిన బురద గదా. మీ బావ చెప్తా ఉండేవాడే, ఆ బురదని కంబళి మింద పారిస్తే బురద పోతుంది, బంగారు పొడి కంబళిలో నిల్చిపోతుంది అని. ఈడ గూడా కంబళి ఉండాది. తడి కాగితాన్ని కంబళి మిందనే వేసేది. ఆయప్ప ఆ కంబళి కాడ నిలబడి నిలబడి పోయినాడు, నేను ఈ కంబళి కాడ నిలబడుండాను. నవ్వొస్తుందేమో అని చూసినాను. రాలేదు.

గుజ్జుకి రంగు వేసి బకెట్లలో పెడతారు. పసుపు ఒగ దాంట్లో, ఎరుపు ఒగ దాంట్లో, నీలి, పచ్చ, నలుపు. బ్రష్షు లేదు. వేళ్ళతో పెట్టేది, స్పూనుతో పెట్టేది, సన్న గీత కావాలంటే మూతికి చిల్లి పెట్టిన సీసాతో పిండేది. ముగ్గేసే చెయ్యి ఉంటే సాలు అనింది మేడమ్. వాకిట్లో ముగ్గేసి ఏడాది కావస్తా ఉండాది నాకు, అయినా చెయ్యి మరిచిపోలేదు. చెయ్యికి ఏమీ తెలిసినట్టు లేదు.

సన్న వల బిగించిన చట్రం ఉంటుంది, జల్లెడ మాదిరి. దాని మింద ముందు రంగుల గుజ్జుతో బొమ్మ పెట్టాల. అంతా అయినాక పైన తెల్ల గుజ్జు పోసి కప్పేయాల. నీళ్ళు కిందికి కారిపోతాయి. ఆమేల దాన్ని కంబళి మింద బోర్లించి, అదిమి, జల్లెడ ఎత్తేయాల. బొమ్మ పైకి వచ్చి ఉంటుంది. ఓళిగని అరిటాకు మింద తట్టి, పెనం మింద బోర్లించి, ఆకు పీకేస్తామే వదినా, అచ్చం అట్లే. సీనా మొదటిసారి బోర్లపడినప్పుడు మనింట్లో నువ్వే గదా ఓళిగలు చేసింది. వాడు బోర్లపడి, తల ఎత్తలేక, సాపని నాకతా ఉన్నాడని నువ్వు నవ్వినావు.

ఈ పనిలో రెండు తిరకాసులు ఉండాయి. చూసేవాళ్ళకి ముందర కనబడాల్సింది మనం ముందు పెట్టాల. పువ్వు ముందు, ఆకు ఆమేల, ఆకాశం ఆఖర్న. అంటే పెట్టిందాన్ని పెట్టినట్టే కప్పుకుంటా పోవాల. ఇంగోటి, బోర్లించినాక ఎడమ పక్కది కుడి పక్కకి పోతుంది. ఇది నాకు మొదటి దినమే గౌరమ్మ చెప్పింది. గౌరమ్మ అంటే నా పక్కన పని చేసే ఆయమ్మ, ఈ ఊరిదే. ఆయమ్మ ఇంట్లోనే వెనక గదిలో నేనుండాను.

"నేను కొత్తల్లో పెండ్లి బొమ్మ పెట్టినానక్కా," అనింది. "ఎంత బాగా పెట్టినాననుకొన్నావు! బోర్లించి చూస్తే పెండ్లికొడుకు పిల్లకి ఎడమ చేత్తో బొట్టు పెడతా ఉండాడు. మేడమ్ దాన్ని గూడా అమ్మేసింది. కొన్నోడు ఎడమచెయ్యోడేమో, ఎవురికి తెలుసు!"

అందరూ నవ్వినారు. ఆ మాట నా తలకాయలో నిలవలేదు. ఏంటికంటే నేను ఇన్నాళ్ళూ పువ్వులూ ఆకులే పెట్టినాను. పువ్వుకి ఎడమేంది, కుడేంది.

గౌరమ్మకి నోరు ఎక్కువ, మనసు మంచిది. నేను మాట్లాడనని ఎప్పుడూ ఒగటే పోరు. "ఏమక్కా, బంగారు గనుల ఊరినించి వచ్చినావు, నోరు తెరిస్తే బంగారు రాలిపోతుందని భయమా? రాలితే నేనేం ఏరుకోను లే, మాట్లాడు," అంటుంది. పొద్దుగూకితే సంగటి, ఆకుకూర ఉడికిన నీళ్ళతో బస్సారు చేస్తుంది. బాగుందా అని అడుగుతుంది, బాగుందంటాను. ఇంగ కొంచెం పెట్టనా అంటుంది, సాలంటాను. ఇన్నాళ్ళూ అంతే అన్నా. తింటా ఉండాను, దిగులు పడొద్దని రాసినాను గదా. తినేది నిజమే. నోట్లో పెట్టుకొంటే పోతుంది లోపలికి.

పోయిన వారం మేడమ్ అందర్నీ కూర్చోబెట్టి, బెంగళూరులో ఒగ పెద్ద గోడకి వరసగా పటాలు తగిలిస్తారంట, ఒగ్గొగరు మీ మీ ఊరు పెట్టండి అనింది. గౌరమ్మ కొండనీ గుడినీ పెట్టింది. ఒగామె చెరుకు తోట పెట్టింది. నేను జల్లెడ ముందర పెట్టుకొని కూర్చున్నాను. నాకు ఊరంటే ఏముంది? గని మూసేసినారు, మనుషుల్ని కిందికి దించే షాఫ్టు తుప్పు పట్టింది. కండ్లు మూసుకొంటే మా వెనక వాకిలే కనబడింది. వాకిలి, దానికవతల ముండ్ల కంచె, కంచెకవతల రైలు పట్టా, పట్టాకవతల ఈ కొసనించి ఆ కొసదాకా గని బురద పోసి పోసి కొండంత అయిన సైనైడ్ దిబ్బ. ఇంతే నా ఊరు.

నీకు తెలిసిందే రాస్తా ఉండాను అన్నా. మనం దీన్ని ఒగసారి గూడా నోరు తెరిచి మాట్లాడుకోలేదు, అందుకని రాస్తా ఉండాను. మన నాయనా నువ్వూ షాఫ్టులో కిందికి దిగినారు, సీనా బెంగళూరులో లిఫ్టులు రిపేరు చేసేదానికి పైకి ఎక్కినాడు. తెల్లారేలోపల మారికుప్పం స్టేషన్లో బండి ఎక్కేవాడు. బండి మా ఇంటి వెనకకి వచ్చేలోపల నేను వెనక వాకిలి గడి తీసి నిలబడేదాన్ని. వాడు డోరు కాడ నిలబడి ఒగసారి చెయ్యి ఎత్తేవాడు.

"సీటుంటే కూర్చోరా, ఏంటికి డోరు కాడ నిలబడేది," అని తిట్టేదాన్ని.

"మనిల్లు దాటేదాకానేమ్మా. ఆమేల పోయి కూర్చుంటా."

"ఇంత పెద్దోడివైనావు, అమ్మకి చెయ్యి ఊపితే పక్కనోళ్ళు నవ్వరా?"

"నవ్వనీలే. వాళ్ళమ్మలంతా ముసుగు తన్ని నిద్రపోతా ఉండారు."

వెనక వాకిట్లో నిలబడితే ఎడమకి పోయేది బెంగళూరు పోయే బండి. కుడికి వచ్చేది ఇంటికి వచ్చే బండి. సాయంకాలం బండి కూత వినబడంగానే నేను పొయ్యి అంటించి ఎసరు పెట్టేదాన్ని. వాడు దిగి, నడిచొచ్చి, కాళ్ళు కడుక్కొనేలోపల అన్నం ఉడికిపోయేది. ఆ దినం గూడా కూత వినబడింది, ఎసరు పెట్టినాను, అన్నం ఉడికింది, మూత పెట్టినాను. వాడు రాలేదు. అన్నా, కొంచెం పోయి చూసిరా అని నీకు సైగ చేసినాను. నువ్వు సొక్కా తొడుక్కొని పోయినావు.

మారికుప్పం దాటి బండికి పట్టా లేదు. ఆడికి వస్తే అందరూ దిగాల్సిందే. అందరూ దిగినారు. సాయంకాలం బండిలో అందరూ నిద్రపోతా వస్తారు గదా, కిటికీ కాడ వాడు గూడా నిద్రపోతా ఉండాడు అనుకొన్నారంట. నువ్వు పోయి లేపినావు. నువ్వే లేపినావు. గుండె నిలిచిపోయిందన్నారు డాక్టర్లు, అంత వయసు పిల్లోనికి గూడా అవుతుందంట. యాడ నిలిచింది, ఏ స్టేషను కాడ, ఎవురికీ తెలీదు. బండి మాత్రం తెచ్చి ఇచ్చింది వాన్ని.

ఆమేల దినామూ సాయంకాలం కూత వినబడేది. నా చెయ్యి పోయి అగ్గిపెట్టె తీసేది. ఎసరు పెట్టేసినాక తెలిసేది. అన్నం చేసి చేసి కుక్కలకి పెట్టినాను. ఒగ దినం వదిన వచ్చి పొయ్యి ఆర్పింది, ఏమీ అనకుండా. అందుకని వచ్చేసినాను అన్నా రైలు లేని చోటికి. మీమింద అలిగి కాదు.

మేడమ్ ఊరు పెట్టమంటే అందుకని పొద్దున బండి పెట్టాలనుకొన్నాను. ఎడమకి పోయే బండి. పోయే బండిలో వాడు బాగుండాడు.

ముందు కనబడాల్సింది ముందు పెట్టాల గదా, అందుకని ముందు వాన్నే పెట్టినాను. చిటికెడు నీలి గుజ్జు, వాని కంపెనీ సొక్కా రంగు. చెయ్యి ఎత్తినట్టు సన్నగా ఒగ పోగు లాగినాను. చింతపిక్కంత గూడా లేడు. ఆమేల వాని చుట్టూ, వాని మింద, డోరు. ఆమేల పెట్టెలు, ముందర ఇంజను. ఆమేల దిబ్బ. దిబ్బకి బూడిద రంగు కావాలని తెలుపులో కొంచెం పసుపు, కొంచెం నలుపు కలిపినాను, మూడుసార్లు కలిపినా మన దిబ్బ రంగు రాలేదు. అట్ల పోతా ఉన్న మేడమ్ వంగి చూసి, "ఇదు యావ గుడ్డ మునెమ్మా, పైన సాపగా ఉందే?" అనింది. కన్నడంలో గుడ్డ అంటే కొండ గదా. నేను చెప్పేలోపల గౌరమ్మ అందుకొనింది, "గుడ్డనే మేడమ్, ఉతికి ఆరేసినట్టు తెల్లగా లేదా!" అందరూ నవ్వినారు. దిబ్బయినాక ఆకాశం. ఆకాశం అయినాక తెల్ల గుజ్జు పోసి మొత్తం కప్పేసినాను.

వాన్ని మట్టిలో పెట్టేటప్పుడు ఆడోళ్ళు రాకూడదని నన్ను ఇంటి కాడనే ఉంచేసినారు. ఈడ నేనే కప్పినాను. ఏమీ అనిపించలేదు. నీళ్ళన్నీ కారిపోయేదాకా నిలబడినాను.

నేనొగ పక్క, గౌరమ్మ ఒగ పక్క పట్టుకొని కంబళి మింద బోర్లించినాము. అదిమినాము. గౌరమ్మ మెల్లగా జల్లెడ ఎత్తింది.

బండి కుడికి తిరిగి ఉండాది.

నేను పోయే బండి పెట్టినాను అన్నా. వచ్చే బండి అయిపోయింది. వెనక దిబ్బ ఆ కొసనించి ఈ కొసదాకా ఒగే మాదిరి ఉండాది, దానికి ఎడమా కుడీ లేదు, బండి మాత్రం తిరుక్కొనింది. ఇంటి పక్కకి.

"సరిపోయింది!" అనింది గౌరమ్మ. "మొదటి దినమే చెప్పినాను గదక్కా, తలకాయ యాడ పెట్టినావు, బకెట్లోనా? పోనీలే, బండి పోతే ఏమి, వస్తే ఏమి, టికెట్టు ఒగటే."

మేడమ్ వచ్చి నా మొగం చూసి, "బాధ పడొద్దు మునెమ్మా, ఇంగా తడిగానే ఉంది, గీరేసి బకెట్లో వేస్తే అయిపోయింది. మళ్ళీ పెడుదువు," అని గీరే చెక్క చేతికి తీసుకొనింది.

"వద్దు," అన్నాను.

గట్టిగానే వచ్చింది ఆ మాట. నాకే వినబడింది. అంత గట్టిగా మాట్లాడి ఎంత కాలమైందో, చెరుకు తోట పెట్టినామె గూడా తిరిగి చూసింది.

ఏంటికంటే అప్పుడే చూసినాను అన్నా. వచ్చే బండిలో వాడు డోరు కాడ నిలబడుండాడు. చెయ్యి ఎత్తి. పొద్దున నాకు చెయ్యి ఎత్తినట్టే పెట్టినాను నేను, కానీ ఇప్పుడు చూస్తే పైన కడ్డీ పట్టుకొన్నట్టు ఉండాది. ఊరు దగ్గరికొస్తే కడ్డీ పట్టుకొని డోరు కాడికి వచ్చి నిలబడతారే, అట్ల. దిగేదానికి లేచి నిలబడినట్టు ఉండాడు. కిటికీ కాడ లేడు. నిద్రపోలేదు.

ఎంతసేపు చూసినానో తెలీదు. గౌరమ్మ నా భుజం పట్టుకొని, "ఏడువక్కా, ఏడిస్తే మేలు, నేనేమీ అనను," అనింది. ఏడుపు రాలేదు. నేను ఆయమ్మ మొగం చూసి, "ఆకలవుతా ఉండాది గౌరమ్మా," అన్నాను.

"ఓయమ్మా!" అనింది. "ఏడుస్తావని నేను కొంగు తీసి పెట్టుకొంటే కూడు అడుగుతావేమమ్మా!"

మధ్యాన్నం గిన్నెలో సంగటి మిగిలి ఉంటే తెచ్చి పెట్టింది. నిలబడే తిన్నాను. రెండో ముద్దకి, "ఇందులో ఉప్పు లేదే," అన్నాను.

గౌరమ్మ నడుం మింద చెయ్యి పెట్టుకొనింది. "ఇప్పుడు తెలిసిందా? నాకు బీపీ అని మా ఇంట్లో ఎప్పుడూ ఉప్పు తగ్గించే వేసేది. వచ్చిన కాడ్నించీ నువ్వు తింటా ఉండేది ఇదే. బాగుందా అంటే బాగుందని, బాగుందా అంటే బాగుందని, నేనేదో వంటలో రాణిననుకొని మురిసిపోతా ఉండాను ఇన్నాళ్ళూ!"

అప్పుడు నవ్వొచ్చింది అన్నా. కొంచెమే. పక్కనామె డబ్బీలోనించి ఉప్పు తీసి సంగటి మింద వేసింది. ఇంగో ముద్ద అడిగి తిన్నాను.

ఆ పటం మూడు దినాలు ఆరింది. తడిలో చూసిన రంగు వేరే, ఆరినాక రంగు వేరే. సొక్కా నీలి కొంచెం వెలిసింది, ఉతికి ఉతికి వాని సొక్కా ఎట్ల వెలిసి ఉండేదో అట్లే వచ్చింది. నేను కలిపితే రాని దిబ్బ రంగు ఆరినాక అదే వచ్చింది. ఇది గోడకి పంపొద్దు మేడమ్, నాకిచ్చేయండి, గోడకి ఇంగోటి పెట్టిస్తాను అని అడిగినాను. తీసుకో మునెమ్మా అనింది. గోడకి చెరువు పెట్టినాను, అందులో తామరపూలు. దానికి ఎడమా కుడీ లేదు.

ఇంగ నువ్వడిగిన మాట. వస్తాను అన్నా.

ముళబాగిలినించి మన రాబర్ట్‌సన్‌పేట దాకా బస్సులోనే రావచ్చు, ఎలిసమ్మక్క అట్లే రమ్మంటుంది. నేను అట్ల రాను. బంగారుపేటలో దిగి సాయంకాలం బండి ఎక్కుతాను. ఏడాదికి ముందు దినం వస్తాను. ఆ పటం తెస్తా ఉండాను, బట్టలో చుట్టి. వాని ఫోటో పెద్దది చేయించి దండ వేస్తానన్నావు, వేసుకోండి, నేను అడ్డం చెప్పను. ఈ పటానికి మాత్రం దండ వెయ్యొద్దు, బొట్టు పెట్టొద్దు. దీన్ని వెనక వాకిలి పక్కన తగిలిస్తాను. మేకు నేనే కొట్టుకొంటాను.

కొన్ని పనులుండాయి మీకు. మా ఇల్లు ఊడ్చొద్దండి, నేనొచ్చి ఊడుస్తాను. వెనక వాకిలి గడి తుప్పు పట్టి ఉంటుంది, అన్నా, కొంచెం నూనె వేసి పెట్టు. వాని సద్ది డబ్బా మీ ఇంట్లో ఉండాదేమో, ఉంటే ఎవురికీ ఇవ్వొద్దు, ఇచ్చేసి ఉంటే అడగొద్దు. వదినా, ఏడాది వంటకి నన్ను పొయ్యి కాడికి రానియ్యండి, పక్కన కూర్చోబెట్టొద్దు. ఏడాదైనాక మళ్ళీ ఈడికి వచ్చేస్తాను, పని ఉండాది. కానీ ఇంగ వస్తా పోతా ఉంటాను. గౌరమ్మ మన బంగారు గని చూడాలంటుంది, ఏముందమ్మా చూసేదానికి, దిబ్బ ఉండాది అన్నాను. ఆ గుడ్డనే చూస్తానులే అనింది. ఒగసారి తోడుకొని వస్తాను.

వదినా, నీకొగ మాట. అన్నకి వినబడదు, నీకే వినబడాల. ఆ దినం సాయంకాలం బండి కూత వినబడినాక ఎసరు పెట్టు. ముందుగా పెట్టొద్దు. ఒగ మనిషికి ఎక్కువ పెట్టు. ఉప్పు సరిగ్గా వెయ్యి.

అన్నా, ఆ దినంనించి నువ్వు స్టేషను పక్కకే పోలేదని వదిన ఫోన్లో చెప్పింది. కూరగాయలకి గూడా సుట్టు తిరిగి పోతా ఉండావంట. నువ్వు రావొద్దులే, నేనే నడిచొస్తాను అని రాద్దామనుకొన్నాను. అట్ల రాయను. నువ్వు స్టేషనుకి రా అన్నా. మెల్లగా నడిచి రా, దగ్గొస్తే ఆడాడ కూర్చొని రా. నేను కిటికీ కాడ కూర్చోను. డోరు కాడ కడ్డీ పట్టుకొని నిలబడి ఉంటాను, దూరాన్నించే కనబడతాను. లోపలికి ఎక్కి నువ్వు ఎవుర్నీ లేపే పని ఉండదు.

ఎలిసమ్మక్కకి, మన లైన్లో పెద్దోళ్ళందరికీ నా దండాలు చెప్పండి. పిల్లోళ్ళకి నా దీవెనలు. నన్ను గూడా దీవించండి, ఏమని దీవిస్తారో మీ ఇష్టం.

మీ చెల్లెలు, మీ ఆడబిడ్డ
మునెమ్మ